నమిలే అలవాటు అన్న గడి

కొత్తగా ఉద్యోగంలో చేరిన హెల్త్ అసిస్టెంట్లు ఎప్పుడైనా మా ఇంటికి వస్తే, టీ తాగుతూ ఒక ప్రశ్న అడుగుతారు. "సార్, మీ సర్వీసు మొత్తంలో మర్చిపోలేని కేసు ఏది?" తుఫాను రోజుల కథో, ఊరంతా విరేచనాలు పట్టుకున్న కథో చెబుతానని ఎదురు చూస్తారు. అవీ ఉన్నాయి. కానీ నాకు ముందు గుర్తొచ్చేది ఒకావిడ కింది పెదవి. అందులోనూ ఎడమవైపు లోపలి అంచున, చిటికెన వేలి గోరంత చోటు.

నేను డాక్టరును కాను. అల్లూరు వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెల్త్ సూపర్వైజరుగా రిటైరయ్యాను. ఇంటర్మీడియట్ రెండోసారికి గట్టెక్కి, శానిటరీ ఇన్‌స్పెక్టర్ కోర్సు చదివి ఈ ఉద్యోగంలోకి వచ్చాను. తక్కిన చదువంతా నెల్లూరు గ్రంథాలయం పెట్టిన భిక్ష. ఆదివారాలు బస్సెక్కి పోయేవాణ్ణి. రిఫరెన్సు గదిలోని వైద్య పుస్తకాలు ఇంటికివ్వరు. అందుకని పక్కన నిఘంటువు పెట్టుకుని, ఇంగ్లీషు పేజీలను తెలుగులో నోటుబుక్కుల్లోకి ఎక్కించుకునేవాణ్ణి. అలాంటి నోటుబుక్కులు ఏడున్నాయి. ఆ సంగతి పదిమందికీ తెలియాలన్న కోరిక కూడా నాకు గట్టిగానే ఉండేది. ఆస్పత్రిలో అందరూ నన్ను "లైబ్రరీ సార్" అనేవారు. అది పొగడ్తేనని చాలా ఏళ్ళు నమ్మాను.

మా పరిధిలో ఒక రొయ్యల ప్లాంటు ఉండేది. చెరువుల నుంచి వచ్చిన రొయ్యలను శుభ్రం చేసి, సైజుల వారీగా వేరుచేసి, గడ్డకట్టించి పంపే చోటు. లోపల పనిచేసే వాళ్ళంతా దాదాపు ఆడవాళ్ళే. తినే వస్తువును తాకే పని కాబట్టి, ఆరోగ్యంగా ఉన్నారని డాక్టరు సంతకం చేసిన కాగితం లేకపోతే వాళ్ళను గేటు దాటనివ్వరు. ఆ కాగితాల కోసం ఏటా మేమే అక్కడికి పోయి క్యాంపు పెట్టేవాళ్ళం. నేను, మా స్టాఫ్ నర్సు, ఆ ఏడాదే కొత్తగా చేరిన లేడీ డాక్టరు. ఆమెకది మొదటి పోస్టింగు. నా నోటుబుక్కుల మీద ఆమెకు మంచి గౌరవం.

నా పని ఫారం నింపడం. పేరు, వయసు, దగ్గు, చర్మ వ్యాధి, ఆ తర్వాత మూడు గడులు: పొగ, తాగుడు, నమిలే అలవాటు. చివరి గడికి మా శాఖలో ఒకటే అర్థం. పొగాకు, ఖైనీ, గుట్కా. ఆ మాటలు ఫారంలో అచ్చువేసి ఉండవు. ఎందుకుండాలి, అందరికీ తెలిసిందే కదా అనుకునేవాళ్ళం. నేనైతే మూడు గడులనూ ఒకే ఊపిరిలో అడిగేవాణ్ణి.

ఆ రోజు లైనులో ముప్పై దాటిన ఒకావిడ వచ్చింది. తలకు స్కార్ఫ్, చేతుల మీద మంచునీళ్ళకు పగిలిన గీతలు. సాయిబుల వీధిలో ఉండే టైలరు భార్య. గ్రేడింగ్ టేబుల్ దగ్గర ఆమెను మించిన చెయ్యి లేదని వెనకున్న వాళ్ళే చెప్పారు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అది వాటి కౌంట్. ముప్పై, నలభై, యాభై. తక్కెడ లేకుండా కంటితో చూసి ఏ రొయ్య ఏ కౌంట్‌లోకి పోతుందో తేల్చడమే ఆమె పని.

"పొగ, తాగుడు, నమిలే అలవాటు?" అన్నాను.

మొదటి రెండింటికీ తల అడ్డంగా ఊపింది. మూడోదానికి నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అదుండాది సార్. మానుకోవాలనే అనుకుంటా, మరిచిపోయి మళ్ళీ మొదలుపెడతా."

అంతకంటే నిజాయితీగా ఒప్పుకున్న మనిషిని నేను చూడలేదు. గడిలో "పొగాకు, ఉంది" అని రాశాను. నోరు తెరవమని టార్చి వేశాను. కింది పెదవి లోపల తెల్లటి మచ్చ. దూదితో తుడిచినా పోలేదు. పొగాకు వాడే వాళ్ళ నోట్లో తుడిచినా పోని తెల్ల మచ్చ ఉంటే కేన్సరుకు ముందు దశ కావచ్చని నా నోటుబుక్కులో, నా చేతిరాతతోనే ఉంది. ఆ క్షణంలో నాకు సంతోషం కలిగింది. చదివింది కళ్ళ ముందు కనబడితే కలిగే సంతోషం. ఎదుటి మనిషి నోట్లో కనబడిందని తోచలేదు. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ అది దాచిపెట్టి తక్కిన కథ చెప్పడం అన్యాయం.

డాక్టరు వచ్చి చూసింది. "పొగాకా?"

"ఆమే ఒప్పుకుంది మేడమ్."

ఆమె తన ఫోనులో పెదవిని ఫోటో తీసుకుంది. నెల్లూరులో పంటి డాక్టరుకు చూపించి రావాలని, అంతవరకు ఫిట్‌నెస్ కాగితం ఇవ్వలేమని రాసింది. ఆ చీటీని టైలరు భార్య చేతికి నేనే ఇచ్చాను. ఇంకోసారి పొగాకు ముట్టొద్దమ్మా అని చెప్పబోయేంతలో లైను తోసుకొచ్చింది. ఆ మాట మిగిలిపోయింది. అది చెప్పి ఉంటే అసలు సంగతి అక్కడే తేలిపోయేది.

జీపులో తిరిగొస్తుంటే స్టాఫ్ నర్సు అడిగింది. "ఏం నముల్తాదో అడిగినారా ఆమెని?"

"అడిగేదేముంది సిస్టర్? అచ్చు పుస్తకంలో ఉన్నట్టే ఉంది."

"పుస్తకంలో ఉండేది ఆమె పెదవా?" అని, కిటికీ వైపు తిరిగింది.

మూడు వారాలు గడిచాయి. ఒక సోమవారం ఉదయం ఓపీ రద్దీలో ఉండగా గేటు దగ్గర్నుంచే ఒక గొంతు వినిపించింది.

"సూపర్వైజరెవురు ఈడ?"

"నేనేనమ్మా."

"నేను పొగాకు తినేది మీరెప్పుడు చూసినారు సార్?"

ఓపీ చీటీల కోసం నిలబడ్డ వాళ్ళంతా ఇటు తిరిగారు. నేను గొంతు తగ్గించి, "క్యాంపులో నువ్వే చెప్పావు కదమ్మా, నమిలే అలవాటుందని" అన్నాను.

"ఉండాది! ఎవురు కాదన్నారు? పెదవి సార్ నేను నమిలేది. పెదవి! చిన్నప్పటి నించి ఉండాది. మా అమ్మ కొట్టినా పోలా. పొగాకని మీకెవురు చెప్పినారు?"

లైనులో ఎవరో కిసుక్కున నవ్వారు. నా గడికి ఒకటే అర్థమని నేననుకున్నాను. ఆమె తెలుగులో దానికి ఇంకో అర్థముంది. ఆ అర్థమే మాటకు దగ్గరగా కూడా ఉంది.

కూర్చోబెట్టి అడిగితే జరిగింది చెప్పింది. ఫిట్‌నెస్ రాలేదని గేటు దగ్గర ఆపేశారు. ఎందుకు ఆపారో ఆఫీసులో ఒకరు ఇంకొకరితో అన్నారు. సాయంత్రానికి వీధికి చేరింది. పొగాకు నములుతుందంట, నోటి కేన్సరంట. "కుళాయి కాడ నా బిందె పక్కన బిందె పెట్టేదానికి కూడా ఆలోచిస్తాండారు సార్. మా అత్తమ్మకి తెలుసు నేను తిననని. తెలిసి ఏం లాభం? అందరికీ ఆమె ఎన్నిసార్లు చెప్పాల?" నెల్లూరుకు పోలేదు. పెదవి ముక్క కోసి పరీక్షకు పంపుతారని ఎవరో భయపెట్టారు. ఇప్పుడు ప్లాంటు నుంచి కబురు వచ్చింది. నెలాఖరు లోపల కాగితం తేకపోతే ఆమె టేబుల్ ఇంకొకరికి ఇస్తారు. నెలాఖరుకు ఎనిమిది రోజులుంది.

డాక్టరు వచ్చి పెదవి వెనక్కి తిప్పి చూసింది. మళ్ళీ చూసింది. ఫోనులోని పాత ఫోటో తెరిచి పక్కన పెట్టి పోల్చింది. మచ్చ లేదు. ఒకచోట కొద్దిగా పాలిపోయినట్టు ఉంది, అంతే.

"మందేమైనా వాడారా?"

"ఏం వాడలా మేడమ్. ఇంట్లోనే ఉండా."

నేను వెంటనే, "కొరకడం వల్ల వచ్చిందే మేడమ్, సందేహం లేదు" అన్నాను.

డాక్టరు నా వైపు చూసి నెమ్మదిగా అంది. "ఆ రోజు కూడా సందేహం లేదనే అన్నారండీ."

నిజమే.

ఆ మధ్యాహ్నమే సెలవు చీటీ రాసిచ్చి నెల్లూరు బస్సెక్కాను. అదే పుస్తకం తీయించాను. నేను ఎక్కించుకున్న పేజీ ఒక వాక్యం మధ్యలో ఆగిపోయి ఉంది. అప్పట్లో ఆ పేజీ రాసుకున్న రోజు అటెండరు కిటికీలు మూస్తుంటే లేచి వచ్చేశానని గుర్తొచ్చింది. ఆ మరుసటి ఆదివారం వేరే పుస్తకం పట్టుకున్నాను. ఆ కాగితాన్ని తిప్పింది మూడేళ్ళ తర్వాత, ఆ సోమవారమే. వెనకవైపు ఉన్నదంతా నాకోసమే రాసినట్టుంది. పెదవినో బుగ్గనో మాటిమాటికీ కొరికే వాళ్ళకు, పళ్ళు అందే చోట మాత్రమే చర్మం తెల్లగా మందమై, తడిసిన కాగితంలా పీలికలు లేస్తుంది. తమకీ అలవాటుందని చాలామందికి సరిగా తెలియదు కూడా. దానివల్ల ప్రమాదం లేదు. కొరకడం మానితే కొద్ది వారాల్లో మామూలవుతుంది. తగ్గకపోతే మాత్రం తప్పక పరీక్ష చేయించాలి.

పీలికలు! డాక్టరు ఫోటోలో ఆ మచ్చ అంచులు చిరిగినట్టే ఉన్నాయి. క్యాంపు రోజు నా టార్చి వెలుగులోనూ ఉన్నాయి. చూశాను కానీ, నా నోటుబుక్కులో ఆ మాట లేదు కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు.

తిరుగు బస్సులో ఇంకో ప్రశ్న పట్టుకుంది. దిగులుగా ఉన్నప్పుడు జనం పెదవి కొరుక్కుంటారని మనందరికీ తెలుసు. ఈమెకు ఈ మూడు వారాల్లో ఉన్నంత దిగులు ముందెప్పుడూ ఉండి ఉండదు. అలాంటప్పుడు మచ్చ పెరగాలి. తగ్గిందెందుకు? ఇంట్లో లేనిదీ, గ్రేడింగ్ టేబుల్ దగ్గర ఉన్నదీ ఏమిటి?

మర్నాడు ఆమెను పిలిపించి అదే అడిగాను. "పనిలో ఎప్పుడు నముల్తావమ్మా?"

"ఏమో సార్. మాస్కు లోపల ఎవురు చూసినారు? నాకే తెలీదు."

పని చేస్తుండగా చూడాలి. ప్లాంటులోకి పోవాలంటే కాగితం ఉండాలి. కాగితం కావాలంటే చూడాలి. ఈ ముడిని విప్పింది మా స్టాఫ్ నర్సు. వాళ్ళ పక్కింటి వాళ్ళకు రొయ్యల చెరువుంది. గురువారం ఓపీ అయ్యాక ఒక పెద్ద తొట్టి నిండా ఐసు, రొయ్యలు ఆస్పత్రి వెనక వరండాలోకి దిగాయి. టేబుల్ మీద మూడు ట్రేలు పెట్టాం. టైలరు భార్య గ్లవ్స్ వేసుకుంది. మాస్కు వద్దన్నాం. డాక్టరు ఒక పక్క, నేనొక పక్క, నర్సు ఎదురుగా.

పది నిమిషాలు గడిచాయి. రొయ్యలు టపటపా ట్రేలలో పడుతున్నాయి. పెదవి బొమ్మ పెదవిలా కదలకుండా ఉంది.

డాక్టరు నా వైపు చూసింది. నేను చెమట తుడుచుకున్నాను.

"ఇట్ట ముగ్గురూ నా నోట్లోకి చూస్తా నిలబడితే, పెదవి ఏం చేస్తాది సార్? దానికీ సిగ్గుంటాది" అంది ఆమె.

మేమిద్దరం పక్కకు జరిగి స్తంభం వెనక నిలబడ్డాం. నర్సు మాత్రం కదల్లేదు. నలభై ట్రేలోంచి ఒక రొయ్యను తీసి యాభైలో వేసింది.

"అక్కా, అది నలభై."

"యాభయ్యే. నేను రోజూ వండేదాన్ని, నాకు తెలీదా?"

"వండేదానికి కౌంటెందుకక్కా, ఉప్పూ కారం తెలిస్తే చాలు. ఆడ పెట్టండి."

"పెట్టను. ఇదీ యాభయ్యే." ఇంకొకటి మార్చింది.

"తక్కెడ తెప్పించండి!" అంది టైలరు భార్య. గొంతు మారిపోయింది. నర్సు కలిపేసిన ట్రేలను రెండింటినీ టేబుల్ మీద బోర్లించి, మొదట్నుంచి మొదలుపెట్టింది. ఇక మేమెవరమూ అక్కడ లేనట్టే. చేతుల వేగం రెట్టింపైంది. అప్పుడు కనబడింది.

పెద్ద రొయ్య వస్తే పెదవి కదల్లేదు. చిన్నది వస్తే కదల్లేదు. అటూ ఇటూ కాని రొయ్య, నలభై కౌంట్‌కు కొంచెం చిన్నది, యాభైకి కొంచెం పెద్దది అనిపించేది వచ్చినప్పుడు చెయ్యి గాల్లో అరక్షణం ఆగేది. ఆ అరక్షణంలో కింది పెదవి ఎడమ అంచు లోపలికి పోయి కోరపంటి కింద నలిగేది. రొయ్య ట్రేలో పడగానే పెదవి బయటికొచ్చేది. మళ్ళీ అనుమానం, మళ్ళీ కొరుకు. ఒక్కో షిఫ్టులో అలాంటి రొయ్యలు ఎన్ని వేలు వస్తాయో! ఇంట్లో కూర్చుంటే దిగులుంది కానీ తేల్చాల్సిన రొయ్య లేదు.

డాక్టరు చప్పుడు చేయకుండా ఫోనులో వీడియో తీసింది. పని ముగిశాక నలభై ట్రేలోంచి కిలో తూచి లెక్కపెట్టాం. నలభై ఒకటి. నర్సు రెండు చేతులూ జోడించింది. "తల్లీ, ఇంక నీతో వాదించను. ముందే తెలుసు నాకు, నీ పెదవి కోసం చేసినా."

వీడియో చూపిస్తే ఆమె చాలాసేపు నమ్మలేదు. ఫోను దగ్గరికి లాక్కుని, "అల్లా! ఇన్నిసార్లా?" అంది. వేలితో పెదవి తడుముకుంది. "అప్పుడప్పుడు నముల్తానని తెలుసు గానీ, ఇంత పనిమంతురాలని తెలీదు."

ఆ రోజు నోటుబుక్కులో నేను రాసుకున్న నాలుగు వాక్యాలు ఏ పుస్తకంలోంచీ ఎక్కించినవి కావు. ఏడు నోటుబుక్కుల్లో అలాంటి పేజీ అదొక్కటే.

డాక్టరు తొందరపడలేదు. మచ్చ తగ్గినా పంటి డాక్టరు చూసి తీరాలంది. శుక్రవారం నేనే వెంట పోయాను, టైలరు కూడా వచ్చాడు. పంటి డాక్టరు పెదవి, బుగ్గలు, నాలుక కింద అన్నీ వేలితో తడిమి చూశాడు. వీడియో రెండుసార్లు చూశాడు. కోయాల్సిందేమీ లేదన్నాడు. కోరపంటికి ఒక అంచు పదునుగా ఉంటే రాపిడి పెట్టి నున్నగా చేశాడు. రెండు వారాలకొకసారి అద్దంలో చూసుకోమని, మచ్చ మళ్ళీ వచ్చి తగ్గకుండా నిలిస్తే రమ్మన్నాడు. కొరకాలనిపించినప్పుడు నాలుక కొసను పై పళ్ళకు ఆనించి ఉంచమన్నాడు.

"నాలుక ఆడ పెట్టుకుంటే మాటలెట్ట మాట్లాడేది సార్? మా టేబుల్ కాడ మాటల్లేకుండా పని సాగదే" అంది.

"మాటలు ఆగితే ఇంకా మంచిది" అని టైలరు గొణిగి, ఆమె చూపు తగలగానే తలుపు వైపు తిరిగాడు.

శనివారం ఉదయం డాక్టరు ఫిట్‌నెస్ మీద సంతకం చేసింది. పాత ఫారంలో "పొగాకు, ఉంది" అన్న మాటను నేను కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను. కాగితం ఆమె చేతికిస్తూ, "ఇంకేం భయం లేదమ్మా, పనికి పోవచ్చు" అన్నాను.

ఆమె కాగితం మడిచి పెట్టుకుంది కానీ కదల్లేదు.

"ఫారంలో కొట్టేసినారు. బాగుంది. వీధిలో ఎవురు కొట్టేస్తారు సార్?"

నేను నర్సు వైపు చూశాను. ఆమె నన్ను ఆదుకునే ఉద్దేశంలో లేదు.

"మధ్యాన్నం షిఫ్టుకి వ్యాన్ వస్తాది. దానికి ముందే మా ఇంటికొచ్చి మా అత్తమ్మకి చెప్పండి. వీధిలో నిలబడి చెప్పాల."

పోయాను. నర్సు వెంట వచ్చింది, సరదా చూడ్డానికని తర్వాత ఒప్పుకుంది. ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో అత్తగారు కూర్చుని ఉంది. డెబ్భై ఏళ్ళుంటాయి, సన్నగా, నిటారుగా. లోపల మిషను చప్పుడు. కుళాయి దగ్గర నలుగురు ఆడవాళ్ళు బిందెలతో. నేను గొంతు సవరించుకుని, చర్మం పొరల గురించి, పళ్ళు అందే చోటుకూ పొగాకు పెట్టుకునే చోటుకూ ఉన్న తేడా గురించి మొదలుపెట్టాను. బాగానే చెబుతున్నానని అనుకున్నాను.

"సార్, అదంతా వద్దు" అంది కోడలు. "తప్పెవురిదో ఒక్క మాట చెప్పండి."

"తప్పు నాదమ్మా" అన్నాను అత్తగారితో.

ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఏందయ్యా?"

"తప్పు నాదన్నాను. మీ కోడలు పొగాకు తినదు."

"వినపడలా. ఎవురు తినదు?"

"మీ కోడలు! పొగాకు తినదు! నేనే తప్పు రాశాను!"

"ఎవురు రాసినారు?"

"నేను! నేనే రాశాను! తప్పు నాదే!"

మిషను ఆగిపోయింది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. కుళాయి దగ్గర బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ తీయలేదు. అంత గట్టిగా నేను నా సర్వీసులో ఒక్క ఆరోగ్య సందేశం కూడా చెప్పలేదు. వీధి మలుపులో వ్యాన్ హారన్ మోగింది. స్కార్ఫ్ సర్దుకుంటూ కోడలు నా పక్కగా పోతూ, "ఇంకొక్కసారి చెప్పండి సార్, ఆ మూలింటోళ్ళకి వినపడుండదు" అంది. చెప్పాను. వ్యాన్ ఎక్కి వెళ్ళిపోయింది.

అత్తగారు లేచి లోపలికి పోయి, రెండు గ్లాసులతో టీ తెచ్చిచ్చి మళ్ళీ లోపలికి పోయింది. ఎండలో అరిచి గొంతు మండుతోంది. రెండు గుక్కలు తాగి, పక్కనున్న నర్సుకు మాత్రమే వినబడేలా, "చక్కెర మరీ ఎక్కువైంది సిస్టర్" అన్నాను.

వంటింట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది. "షుగరుండాదా సార్ మీకు? ముందే చెప్పుంటే తగ్గించేదాన్ని గదా!"